నోటితో తాగగలిగిన మనిషికి సెలైన్ ఎందుకు?

నీరసంగా ఉందంటే సెలైన్. రెండు రోజులు జ్వరం తగ్గకపోతే సెలైన్. ఇప్పుడైతే చర్మం మెరవాలన్నా, అలసట పోవాలన్నా విటమిన్లు కలిపిన డ్రిప్పులు ఇంటికే వస్తున్నాయి. ఇది మంచిదా చెడ్డదా అని వాదించుకునేవాళ్లు ముందు ఆ బాటిల్‌లో ఏముందో చూడాలి.

అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. కేలరీలు సున్నా. గ్లూకోజ్ బాటిల్ అని పిలిచే 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో అర లీటరుకు 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. అంటే సుమారు 85 కేలరీలు. కదలకుండా మంచంలో ఉన్న మనిషికి కూడా రోజుకు వెయ్యికి పైగా కేలరీలు కావాలి. ‘బలానికి’ ఎక్కించుకున్న బాటిల్ ఇచ్చే బలం ఇంతే. ఎక్కించాక హాయిగా అనిపించడం నిజమే. నాలుగు గంటలు పడుకున్నారు, ఒంట్లోకి నీళ్లు చేరాయి, ఈలోగా జ్వరం మాత్ర పనిచేసింది. పేరు మాత్రం బాటిల్‌కు దక్కింది.

మన పేగు చేసే పనిని ఇంత చులకనగా చూడటం నాకు మింగుడుపడదు. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్లే దారి ఒకటుంది. ఆ రెండూ వెళ్తే నీళ్లు వాటి వెంటే వెళ్తాయి. కలరా లాంటి జబ్బులో కూడా ఈ దారి మూసుకుపోదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ నిల్వలు చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ నమ్ముకున్నది దీన్నే. ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతే తాగించారు. వేల ప్రాణాలు నిలబడ్డాయి.

ఆ నీళ్లకు ఈనాటి రూపమే ఓఆర్ఎస్. దాని లీటరులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఒంట్లో ఓ మోస్తరుగా నీరు తగ్గినవాళ్లకు కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో పట్టాలి. పది కిలోల బిడ్డకు ముప్పావు లీటరు అన్నమాట. గ్లాసుతో గడగడా తాగిస్తే వాంతి అవుతుంది. అప్పుడు పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టాలి. లీటరు ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో కలపడం ఇంకో పొరపాటు. అలా చిక్కగా కలిపితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగొచ్చు. నోటితో పట్టే వైద్యం పనిచేయలేదని వచ్చే ఫిర్యాదుల వెనక తరచుగా ఉండేవి ఈ రెండు తప్పులే.

మందుల సంగతీ ఇంతే. మెట్రోనిడజోల్, లెవోఫ్లాక్సాసిన్, లినెజోలిడ్ లాంటి ఇన్‌ఫెక్షన్ మందులు మాత్రలుగా వేసుకున్నా దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరతాయి. మింగగలిగిన, పేగు పనిచేస్తున్న, నిలకడగా ఉన్న రోగికి వీటిని నరంలోకి ఇవ్వడం వల్ల వచ్చే అదనపు లాభం లేదు. విటమిన్ డ్రిప్పుల్లోని బి, సి విటమిన్లు ఎక్కువైనంత మేరా చాలావరకు మూత్రంలో పోతాయి. పైగా విటమిన్ సి భారీ మోతాదులో ఎక్కిస్తే దాన్నుంచి పుట్టే ఆక్సలేట్ అనే లవణం పేరుకుని మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లలో ఆ కణాలు పగిలిపోవచ్చు.

డ్రిప్ ప్రాణం పోస్తుంది కదా అంటారు. ముమ్మాటికీ పోస్తుంది. 1832 కలరా రోజుల్లో థామస్ లాటా అనే స్కాట్లాండ్ డాక్టర్ నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కించినప్పటి నుంచీ ఆ సంగతి తెలుసు. రక్తపోటు పడిపోయి షాక్‌లోకి జారినవాళ్లు, స్పృహ లేనివాళ్లు, వాంతులు ఆగనివాళ్లు, పేగు మూసుకుపోయినవాళ్ల విషయంలో క్షణం ఆలస్యం చేయకూడదు. తీవ్రంగా నీరు కోల్పోయిన ఏడాది దాటిన పిల్లలకు కిలోకు 100 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటిదే మరో డ్రిప్ ద్రవం) మూడు గంటల్లో వెళ్లాలి. అందులో 30 మిల్లీలీటర్లు మొదటి అరగంటలోనే. సెలైన్ ఇంత పదునైన మందు కాబట్టే అవసరం లేనిచోట వాడొద్దంటున్నాను.

ఆ పదును తెలియాలంటే చుక్కల లెక్క చూడాలి. బాటిల్‌కు తగిలించే గొట్టాన్ని సెట్ అంటారు. మామూలు సెట్లలో ఎక్కువగా కనిపించే రకంలో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. చిన్న చుక్కలు పడే మైక్రో సెట్‌లో 60 చుక్కలు. అర లీటరు నాలుగు గంటల్లో వెళ్లాలంటే మామూలు సెట్‌లో నిమిషానికి 42 చుక్కలు పడాలి. పసిబిడ్డకు మైక్రో సెట్ ఉందనుకుని నిమిషానికి 30 చుక్కలు రాశారనుకోండి. అంటే గంటకు 30 మిల్లీలీటర్లు. చేతికందిన మామూలు సెట్ తగిలించి అవే 30 చుక్కలు పెడితే గంటకు 90 పోతాయి. మూడు రెట్లు! చెయ్యి మడిచినా, స్టాండు ఎత్తు మార్చినా చుక్కల వేగం మారుతుంది. ఒకసారి లెక్కపెట్టి వెళ్లిపోతే చాలదు. పొటాషియం కలిపిన బాటిల్ ఇంకా ప్రమాదం. వేలాడుతున్న బాటిల్‌లోకి సిరంజితో వదిలేస్తే అది అడుగున చేరి ముందుగా నరంలోకి వెళ్తుంది. గుండె ఆగిపోవచ్చు. బాటిల్ దించి, మందు వేసి, పలుమార్లు తలకిందులు చేసి కలిపాకే తగిలించాలి.

ఇక క్యాన్యులా, అంటే నరంలో ఉంచే సన్నని గొట్టం. చుట్టూ చర్మం ఉబ్బి చల్లగా ఉంటే ద్రవం నరం బయటికి పోతున్నట్టు. ఎర్రబడి, నరం తాడులా గట్టిపడి నొప్పి పుడితే నరం వాచినట్టు. రెండింటిలోనూ ఆ క్యాన్యులా వెంటనే తీసేయాలి. సిరంజితో నీళ్లు తోసి చూద్దామనుకోకూడదు. మందు ఎక్కించే ప్రతిసారీ దాని మూతిని స్పిరిట్‌తో పదిహేను సెకన్లు రుద్ది, ఆరనివ్వాలి. తొందరలో మొదట ఎగిరిపోయేది ఈ పదిహేను సెకన్లే. ఇన్‌ఫెక్షన్‌కు దారి దొరికేది అక్కడే.

వీటన్నిటికీ కావలసింది పక్కన నిలబడి చూసే మనిషి. మన వైద్యంలో విలువ కట్టనిది ఆ మనిషి సమయానికే. బాటిల్‌కు బిల్లు ఉంటుంది, సూదికి ఉంటుంది. ఓఆర్ఎస్ ఎలా పట్టాలో తల్లికి పది నిమిషాలు చెప్పిన నర్సు శ్రమకు పద్దు ఉండదు. చుక్కలు లెక్కపెట్టిన శ్రమకూ ఉండదు. రోగి ఇంట్లోవాళ్లు కూడా సూది గుచ్చితేనే వైద్యం జరిగిందనుకుంటారు. వివరంగా చెప్పి మాత్ర ఇచ్చి పంపితే పట్టించుకోలేదంటారు. అనవసరపు సెలైన్ పుట్టేది ఈ లెక్కలోంచే. డాక్టర్లను తిట్టినంత మాత్రాన ఇది మారదు.

మార్చడానికి మొదటి పని రాతలో చేయొచ్చు. ప్రతి బాటిల్ మీదా ఏ ద్రవం, ఏం కలిపారు, ఎన్ని చుక్కలు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపాలి, ఎవరు పెట్టారు అనేవి ఉండాలి. పక్కన కేస్ షీటులో ఇంకొక్క గడి కావాలి: ఈ రోగి నోటితో ఎందుకు తీసుకోలేడు? ఆ గడి ఖాళీగా ఉన్నప్పుడు బాటిల్‌ను స్టాండుకు తగిలించకుండా వెనక్కి పంపే అధికారం వార్డు నర్సుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.