నడుము నొప్పి: ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు

నడుము పట్టేసి నాలుగు రోజులైతే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు 'ఎమ్మారై తీయించరాదూ' అంటారు. స్కానింగ్ సెంటర్ దొరకడం ఇప్పుడు చిన్న ఊళ్లలో కూడా కష్టం కాదు. అసలు కష్టం రిపోర్టు చేతికొచ్చాక మొదలవుతుంది. 'ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్, నరం మీద ఒత్తిడి' అన్న ముక్క (నడుములో నాలుగో, ఐదో పూసల మధ్య ఉండే మెత్త ఉబ్బి నరాన్ని నొక్కుతోందని) చదవగానే మనిషి సగం కుంగిపోతాడు. బిందె ఎత్తడం మానేస్తాడు, బండి నడపడం మానేస్తాడు, ఓ బెల్టు కొని నడుముకు బిగించుకుంటాడు.

ఆ ముక్కకు అంత బెంబేలెత్తాల్సిన పని లేదు. ఏ నొప్పీ లేనివాళ్ల వెన్ను స్కాన్ చేసి చూసిన 33 అధ్యయనాలను 2015లో పరిశోధకులు ఒకచోట చేర్చి లెక్క తీశారు. 20 ఏళ్ల వాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. 80 ఏళ్లకు అది 84 శాతం. అంటే రిపోర్టులో ఏదో ఒకటి కనపడటం మామూలే. నొప్పికి కారణం అదేనని దానితో తేలిపోదు. రోగిని స్కాన్‌కు పంపినందుకు డాక్టరు కమీషన్ తీసుకోవడం తప్పని వైద్య నైతిక నియమావళి 2002 నుంచీ చెబుతూనే ఉంది. ఆ నియమం కాగితం మీదే మిగిలిపోతే, అవసరం లేని స్కాన్లను ఏ సలహా ఆపలేదు.

నడుము నొప్పుల్లో పదింట ఎనిమిదో తొమ్మిదో ఫలానా చోట ఫలానా తేడా అని వేలు పెట్టి చూపించలేనివే. వాటిలో ఎక్కువ భాగం నాలుగు నుంచి ఆరు వారాల్లో నెమ్మదిస్తాయి. పిర్ర నుంచి పాదం దాకా జివ్వున లాగే సయాటికా కూడా చాలామందిలో ఆపరేషన్ లేకుండానే రెండు మూడు నెలల్లో దారికొస్తుంది. ఈలోపు మంచం పట్టకూడదు. ఓర్చుకోగలిగినంత నడవాలి, చేతనైన పని చేసుకోవాలి. నెలల తరబడి వేధించే నొప్పికి బెల్టులూ, బరువులు కట్టి లాగడాలూ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. వ్యాయామం వైపే మొగ్గింది. కానీ నేర్పేవాళ్లేరీ? రోజంతా వంగి నాట్లు వేసే, మిరపకాయలు కోసే ఆడవాళ్లకు దగ్గర్లో ఉండేది పీహెచ్‌సీ. అక్కడ ఫిజియోథెరపిస్టు కనిపించడం అరుదు. దొరికేది నొప్పి మాత్ర. దాన్ని రోజూ మింగితే కిడ్నీలకు ముప్పు. ఇప్పటికే ఇంటింటా కిడ్నీ జబ్బుతో సతమతమవుతున్న ఉద్దానం లాంటి చోట ఆ అలవాటు మరీ ప్రమాదం.

సిజేరియన్ అయిన ఆడవాళ్లలో ఎంతోమంది 'నడుముకు మత్తు సూది వేశారు, అప్పట్నుంచే ఈ నొప్పి' అంటారు. సూది గుచ్చిన చోట కొద్దిరోజులు సలుపు ఉండొచ్చు. ఏళ్ల తరబడి నొప్పికి ఆ సూదే కారణమని మాత్రం అధ్యయనాల్లో తేలలేదు. కాన్పుతో పొట్ట కండరాలు వదులవుతాయి, నిద్ర ఉండదు, బిడ్డను ఎత్తుకుని వంగి లేవడం రోజంతా తప్పదు. నెపం సూది మీదకు నెట్టేస్తే, ఆ కండరాలకు మళ్లీ బలం తెచ్చుకోవచ్చన్న ఆలోచనే రాదు. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం.

ఇక ఆగకూడని సందర్భాలు. నడుము నొప్పితో పాటు మూత్రం వస్తున్నట్టున్నా పోయలేకపోవడం, లేదా తెలియకుండానే కారిపోవడం, సైకిల్ సీటు ఆనే భాగమంతా మొద్దుబారడం, కాళ్లలో బలం తగ్గిపోవడం కనిపిస్తే వెన్ను చివరి నరాల గుత్తి నలిగిపోతోందేమోనని అనుమానించాలి. తెల్లారాక చూద్దాం అనుకోకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆలస్యమయ్యే కొద్దీ మూత్రం మీద అదుపు తిరిగిరావడం కష్టం. ఈ సంగతి నోరు విప్పి చెప్పడానికి సిగ్గుపడతారు కాబట్టి డాక్టరే అడగాలి.

రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ సంగతి చూడాలి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. వెన్నుకు సోకినప్పుడు దగ్గు ఉండకపోవచ్చు, అందుకే ఎవరికీ తట్టదు. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్లు కూడా కొత్తగా మొదలైన నడుము నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు.

పాతిక, ముప్ఫై ఏళ్లవాళ్లలో ఇంకో రకం ఉంది. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది, లేచాక అరగంటకు పైగా నడుము కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది, నాలుగడుగులు తిరిగితే హాయిగా ఉంటుంది. ఇది వెన్నుకీళ్లు వాచి బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావొచ్చు. 'కుర్చీలో కూర్చునే ఉద్యోగం కదా' అని సరిపెట్టుకుని ఏళ్లు గడిపేస్తారు. మూడు నెలలు దాటితే కీళ్లవాతం చూసే డాక్టరుకు (రుమటాలజిస్టుకు) చూపించాలి.

తుంటి కీలు సంగతి మరీ అన్యాయం. దాని నొప్పి ఎక్కువగా గజ్జలో తెలుస్తుంది, ఒక్కోసారి మోకాల్లో మాత్రమే. బాసింపట్టు వేసుకోలేకపోవడం, ప్యాంటు తొడుక్కుంటూ కాలు ఎత్తలేకపోవడం, కుంటడం దాని గుర్తులు. ఇంతా చేసి చికిత్స నడుముకు జరుగుతుంటుంది. తొడ ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోయే జబ్బు పడుచువాళ్లకే ఎక్కువ. స్టెరాయిడ్లు, మద్యం ముఖ్య కారణాలు. మన్యంలో కనిపించే సికిల్ సెల్ అనే రక్తజబ్బు కూడా ఒకటి. ఒంటి నొప్పులకని ఏ సూది వేస్తున్నారో అడగకుండా పదేపదే వేయించుకునేవాళ్లు అందులో స్టెరాయిడ్ ఉందేమో అడిగి తెలుసుకోవాలి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. ఎమ్మారై నిజంగా కావాల్సింది ఇక్కడ. ఎముక తల గుండ్రంగా ఉండగా పట్టుకుంటే కీలును నిలబెట్టుకునే అవకాశం ఉంది. కుంగిపోయాక చివరికి కీలు మార్పిడే దిక్కవుతుంది.

బాత్రూములో జారిపడ్డ పెద్దామె కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే లెక్క. పుత్తూరు కట్టు మీద మనవాళ్లకు ఎంత నమ్మకమున్నా, లోపల విరిగిన తొడ ఎముక మెడను పైనుంచి కట్టిన కట్టు పట్టి ఉంచలేదు. వీలైతే 48 గంటల్లోపే ఆపరేషన్ జరగాలి. మంచాన పడిన ప్రతి రోజూ న్యుమోనియా, పుండ్లు, రక్తం గడ్డల ముప్పు పెరుగుతుంది. ఒక్కోసారి ఎముక విరిగి ఒకదాంట్లో ఒకటి దిగబడి, ఆమె నాలుగడుగులు నడుస్తుంది కూడా. అప్పుడూ ఎక్స్‌రే తీయించాలి. అందులో ఏమీ కనపడకపోయినా గజ్జలో నొప్పి పోకపోతే స్కాన్ చేయమని గట్టిగా అడగాలి.