థర్మాకోల్ మావయ్య

మా మేనకోడలికి సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పుడు, అక్కావాళ్ళ ఊరిలోని ఒక స్టూడియోవారు తీసి ఇచ్చిన ఫోటోలో ఆ పిల్ల ముఖం అప్పుడే సున్నం వేసిన గోడలా ఉందనీ, ముక్కు ఎక్కడుందో ముక్కుపుడకను బట్టి ఊహించుకోవలసి వస్తోందనీ మా అక్క ఫోన్‌లో వాపోయింది. ఆమె బాధలో న్యాయముంది. ఆ బాధ తీర్చగలవాడిని నేనేనని నాకు తోచడంలో మాత్రం న్యాయం లేదు. అప్పటికి నేను కెమెరా కొని 8 నెలలయింది. రెండు ఫ్లాష్ లైట్లు, వాటికి స్టాండ్లు, ఒక తెల్ల గొడుగు కొని 8 రోజులయింది. ఆ గొడుగు వానకు పనికివస్తుందా అని మా ఆవిడ అడిగింది. రాదన్నాను. పోనీ ఎండకైనా పనికివస్తుందా అంది. అందుకూ రాదన్నాను. ఆమె మరేమీ అనలేదు గాని, ఆ అనకపోవడం చాలాసేపు వినిపించింది.

ఉగాది వెళ్ళిన వారంలో అక్క, బావ, మేనకోడలు, ఆమె తమ్ముడు రాజమండ్రిలోని మా ఇంటికి వచ్చారు. వెలుతురు ఎంత ఎక్కువుంటే ఫోటో అంత బాగా వస్తుందన్న నమ్మకంతో, సరిగ్గా మధ్యాహ్నం 12 గంటలకు పట్టుచీరతో ఆ పిల్లను మేడమీదికి ఎక్కించాను. నిండు ఎండలో, లెన్సులో వెలుతురు దూరే కంత అయిన అపెర్చర్‌ను 16 దగ్గర ఉంచి, కెమెరా వెలుతురును పట్టే చురుకు, అంటే ఐఎస్ఓ, 100 అయితే, వెలుతురును ఎంతసేపు లోపలికి రానివ్వాలో చూసే షట్టర్‌ను సెకనులో 100వ వంతుకు దగ్గరగా పెడితే, వెలుతురు కొలిచే మీటరు చూడకుండానే ఫోటో కుదురుతుందని ఫిల్ము రోజుల నాటి లెక్క ఒకటుంది. ఆ లెక్క ఇసుమంతైనా తప్పలేదు. నీళ్ళ ట్యాంకు, తులసికోట, ఆరవేసిన వడియాలు, చీర అంచులోని ప్రతి జరీ పోగూ అద్భుతంగా వచ్చాయి. పిల్ల కళ్ళు మాత్రం రెండు చీకటి గుంటలయ్యాయి. ముక్కు నీడ పై పెదవి మీద దట్టంగా పరుచుకుంది. మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని కెమెరాలోకి చూసి, "ఇదేమిట్రా, అచ్చం వాళ్ళ నాన్నలా ఉందీ!" అంది. పక్కనే ఉన్న మా బావ మీసం తడుముకున్నాడు.

వెలుతురు ఎంత ఉందో ఆ లెక్క చెబుతుంది గాని, అది ఎటునుంచి పడుతోందో చెప్పదు. సూర్యుడు ఎంతటివాడైనా 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండడం వల్ల మనకు రూపాయి బిళ్ళంత దీపమే. అంత చిన్న దీపం వేసే నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. అదే ఒక పలుచని మబ్బు అడ్డం వస్తే, ఆ మబ్బంతా కలిసి ఒకటే పెద్ద దీపమై నీడల అంచులు కరిగిపోతాయి. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసినది సమయానికి గుర్తుకు రాకపోవడం మా ఇంటి ఆచారం. గుర్తుకు వచ్చిన తరువాత మబ్బు కోసం 40 నిమిషాలు ఎదురుచూశాము. చైత్రమాసపు రాజమండ్రి ఆకాశంలో మధ్యాహ్నం పూట మబ్బు కోసం చూడడం, బందు రోజున బస్సు కోసం నిలబడడం వంటిది. ఈలోగా పిల్ల పెట్టుకున్న కాటుక బుగ్గల వరకు ప్రయాణం చేసింది.

ఇక హాలులోకి దిగి, కిటికీ తెరలు మూసి, పసుపు కాంతినిచ్చే బల్బులన్నీ వేసి నాలుగు ఫోటోలు తీశాను. వెలుతురు రంగును కొలిచే కెల్విన్లలో పగటి వెలుతురు 5500 ప్రాంతంలో ఉంటే ఆ బల్బులది 2700 మాత్రమే. మన కళ్ళు ఆ తేడాను తమంతట తామే సర్దుకుంటాయి గాని, మేడమీద రంగుల సర్దుబాటును "ఎండ" అని పెట్టి వచ్చిన నా కెమెరాకు కిందికి దిగామన్న కబురు ఎవరూ చెప్పలేదు. పిల్లకు పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపించింది. ఈ ఫోటో పంపితే మగపెళ్ళివారు జాతకంతోపాటు రక్తపరీక్ష కాగితం కూడా అడుగుతారని బావ ఎంతో మర్యాదగా అభిప్రాయపడ్డాడు.

దానితో నా అసలు సరంజామా బయటికి తీశాను. ఇంట్లో గొడుగు విప్పకూడదని అమ్మ గోల పెడుతున్నా వినకుండా, తెల్ల గొడుగు విప్పి ఫ్లాష్ ముందు బిగించాను. షట్టర్ ఎంత వేగంగా ఉంటే ఫోటో అంత స్పష్టంగా ఉంటుందని సెకనులో 500వ వంతు పెట్టాను. నా కెమెరాలో 200వ వంతు దాటితే షట్టర్‌లో ఉండే రెండు తెరలలో మొదటిది పూర్తిగా తెరుచుకునేలోపే రెండవది మూసుకోవడం ప్రారంభిస్తుందనీ, ఫ్లాష్ వెలిగే రెప్పపాటులో ఫోటో మొత్తానికి వెలుగు అందదనీ ఆ పెట్టెతో వచ్చిన కాగితంలోనే రాసి ఉంది. ఆ కాగితాన్ని మా ఆవిడ అప్పటికే పప్పుల డబ్బా కింద పరిచింది. నడుము వరకు పిల్ల, నడుము కింద అమావాస్య! "చీర 12 వేలురా," అంది అక్క నీరసంగా, "కుచ్చిళ్ళేవీ?"

షట్టర్‌ను 200వ వంతుకు దించాక కుచ్చిళ్ళు తిరిగి వచ్చాయి గాని, ఈసారి ఫోటో మసకగా ఉందనిపించి, 2 మీటర్ల దూరంలో ఉన్న లైటును 1 మీటరుకు జరిపాను. దూరం సగమైతే వెలుతురు రెట్టింపవుతుందని నా అంచనా. నిజానికి అది 4 రెట్లవుతుంది. తెరమీద కనిపించిన బొమ్మను చూసి అక్క చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆ స్టూడియోవాళ్ళు చాలా నయంరా," అంది. వాళ్ళు కనీసం ముక్కుపుడకనైనా మిగిల్చారు.

సాయంత్రం 4 గంటలకు అందరూ కాఫీల దగ్గర చేరారు. మేనకోడలు ముఖం కడుక్కుని, పాత వాయిల్ చీర కట్టుకుని ఉత్తరం వైపు వరండాలో అమ్మమ్మ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వినాయక చవితి మండపంలో మిగిలిన థర్మాకోల్ అట్టను, వెలుగును తిప్పికొట్టడానికని అటక మీదనుంచి దించినవాడిని, అవమానభారంతో దానిని మోసుకుంటూ ఆమె ముందునుంచి వెళ్తున్నాను. ఆ వరండాలోకి నేరుగా ఎండ రాదు. ఎదురింటి తెల్లగోడ మీద పడిన ఎండ మాత్రం మెత్తబడి లోపలికి వస్తుంది. "మావయ్యా, ఇప్పుడు ఇదేమిటి, పడవా?" అని ఆ పిల్ల నవ్వింది. గడప కాలికి తగిలి నేను ఒక్క క్షణం వంగాను. ఆ క్షణంలో అట్ట మీది తెల్లని వెలుగు కిందినుంచి ఆమె గడ్డం మీదికి, కళ్ళలోకి పోయింది. వాళ్ళమ్మ ఫోనుతో ఆడుకుంటున్న 10 ఏళ్ళ తమ్ముడు, నేను పడిపోతే తీద్దామని సిద్ధంగా ఉన్నవాడు, బొటనవేలు నొక్కాడు.

మగపెళ్ళివారికి వెళ్ళినది ఆ ఫోటోనే. అందులో ఎడమ పక్కన సగం అట్ట, నావి నాలుగు వేళ్ళు ఉన్నాయి. వాటిని కత్తిరించవద్దని నేనే బతిమాలాను. పిల్ల బాగుందన్న తరువాత వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, ఆ వేళ్ళు ఎవరివని.

వచ్చే నెలలో నిశ్చితార్థం. నిన్న అక్క ఫోన్ చేసి, నేను తప్పకుండా రావాలనీ, వస్తూ ఆ అట్ట తెచ్చుకోవాలనీ, కెమెరా బరువు కదా, దానిని ఎందుకులే మోయడమనీ చెప్పింది. బస్సులో అంత అట్టకు అర టికెట్టు కొడతారేమోనని మా ఆవిడ అనుమానం.