లైటు ఆర్పితే మిగిలేది ఎంత?

మనిషి లేని గదిలో లైటు వెలుగుతూ కనిపిస్తే మా నాన్నగారికి నిద్ర పట్టదు. "మీ తాత కరెంటాఫీసులో పనిచేశాడనుకున్నారా?" అనేది ఆయన ఊతపదం. అది వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఇప్పుడు మా అమ్మాయి మీద నేనూ అదే ప్రయోగిస్తుంటాను. మొన్నామధ్య తను ఎదురు ప్రశ్న వేసింది. "రాత్రంతా వెలిగితే ఎంతవుతుంది నాన్నా?"

కాగితం తీసుకుని కూర్చున్నాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పది గంటలు వెలిగితే అయ్యేది యూనిట్‌లో పదకొండో వంతు. యూనిట్ 4 రూపాయల 80 పైసల చొప్పున చూస్తే 43 పైసలు. నెల పొడుగునా ప్రతి రాత్రీ మరిచిపోయినా 13 రూపాయలు. అమ్మాయి నా ముఖంలోకి చూసింది. నేను కాగితంలోకి చూశాను.

నాన్నగారి కోపానికి ఒకప్పుడు అర్థం ఉండేది. ఆయన సంసారం మొదలుపెట్టిన రోజుల్లో గదికో 60 వాట్ల బల్బు. అదే పది గంటలకు అది అర యూనిట్‌కు పైగా తాగేది. బల్బు మారింది, తిట్టు మారలేదు. స్నానాల గదిలో 2000 వాట్ల గీజర్ అరగంట కాగితే ఒక యూనిట్ ఖర్చవుతుంది. ఆ ఒక్క యూనిట్‌తో మా హాల్లో బల్బు పదకొండు రాత్రులు వెలుగుతుంది. గీజర్ గురించి మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనరు.

ఇంటి ఖర్చు తగ్గించుకోవడం గురించి పెద్దల నుంచి మనకు వచ్చిన సలహాల్లో సగానికి ఈరోజు లెక్క కుదరదు. మిగతా సగం ఇప్పటికీ పదహారణాల నిజం. రెంటినీ వేరు చేసుకోకపోవడం వల్ల చిల్లర దగ్గర గింజుకుంటూ నోట్లు వదిలేస్తున్నామన్నది నా ఫిర్యాదు.

కరెంటు బిల్లునే తీసుకుందాం. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం నెల వాడకం వంద దాటి 200 యూనిట్లలోపు ఉంటే మొదటి వంద యూనిట్లకు 3.40 రూపాయలు, తర్వాతి వందకు 4.80. అంటే సరిగ్గా 200 కాల్చిన ఇంటికి కరెంటు చార్జీ 820 రూపాయలు. 201 అయిందంటే ఆ ఇల్లు మరో వర్గంలోకి వెళ్లిపోతుంది. మొదటి యూనిట్ నుంచి 200 దాకా అన్నిటికీ 5.10 పడుతుంది, ఆ పైనున్న ఒక్కదానికీ 7.70. మొత్తం 1,027.70. ఆ 201వ యూనిట్ ధర 207 రూపాయల 70 పైసలన్నమాట! ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వేరే. వంద దగ్గరా ఇలాంటి మెట్టే ఉంది, కాకపోతే కాస్త చిన్నది. తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి పథకంలో ఉన్న కుటుంబాలకు ఈ మెట్టు మరీ నిటారు. 200 దాకా బిల్లు సున్నా, ఒక్క యూనిట్ పెరిగితే మొత్తం బిల్లు కట్టాలి.

ఈ సంగతి నాకు తెలిసింది చేయి కాలాకే. రెండు వేసవుల కిందట మా బిల్లు 206 యూనిట్లు వచ్చింది. ఆ ఆరు యూనిట్లకు మేము కట్టింది 246 రూపాయలు. అప్పటి నుంచి మా ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. రీడింగ్ తీసిన రోజు నుంచి పదిహేనో రోజున మెట్ల కింద ఉన్న మీటరును ఫోనుతో ఫొటో తీస్తుంది. వంద దాటకపోతే ధీమా. దాటితే మిగతా పదిహేను రోజులూ దుప్పట్లు ఉతకడం, చీరలన్నీ ఒకేసారి ఇస్త్రీ చేయడం, ఓవెన్‌తో ప్రయోగాలు వాయిదా పడతాయి. రీడింగ్ తీసిన మర్నాడు ఉతుక్కోవచ్చు కదా! సుఖం ఏమీ తగ్గలేదు, తేదీ మారిందంతే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి గోడ లేదు. 2022 ఏప్రిల్ నుంచి అక్కడ ఏ స్లాబు ధర ఆ స్లాబుకే. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. కాబట్టి విజయవాడలో ఉండే మా తోడల్లుడికి పదిహేనో రోజు ఫొటోతో పనిలేదు. ఆయన ఆదా చేసే ప్రతి యూనిట్ తన పై మెట్టు ధరకే మిగులుతుంది, అంతకు మించి కాదు. ఒకే భాష మాట్లాడే రెండు ఊళ్లలో ఒకే చిట్కా ఒకచోట వందలు మిగిల్చి, మరోచోట పదులు మిగులుస్తుంది. వాట్సాప్‌లో తిరిగే "కరెంటు ఆదాకు పది చిట్కాలు" నాకు ఎక్కకపోవడానికి కారణం ఇదే. ఏ రాష్ట్రం, ఎన్ని యూనిట్ల ఇల్లు అని అవి అడగవు.

మరి డబ్బంతా ఎక్కడికి పోతోంది? మన ఎండల్లో మొదట చూడాల్సింది నెత్తిమీద తిరిగే ఫ్యాన్. మామూలు సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) రకం 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటల చొప్పున నెలకు ఫ్యాన్‌కు 16 యూనిట్ల తేడా. మూడు ఫ్యాన్లకు 48. హైదరాబాద్‌లో నెలకు 240 యూనిట్లు కాల్చే ఇల్లు 192కి దిగితే కరెంటు చార్జీ 1,328 నుంచి 782కి పడిపోతుంది. ఎందుకంటే అది 200 మెట్టు కూడా దిగింది. అదే ఇల్లు విజయవాడలో ఉంటే 1,148 నుంచి 819కి తగ్గుతుంది. ఒక్కో ఫ్యాన్ మూడు వేలనుకున్నా మూడింటి ఖర్చు హైదరాబాద్‌లో ఏడాదిన్నరలోపు, విజయవాడలో రెండున్నరేళ్లలోపు తిరిగి వస్తుంది. ఆ తర్వాత అంతా మిగులే. ఏసీ ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. ఏసీని 18లో పెట్టి దుప్పటి కప్పుకునే వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

ఇక పదహారణాల సగం. అది వంటింట్లో ఉంది.

"పొంగు వచ్చింది కదా, మంట తగ్గించు" అని మా అమ్మ కొన్ని వేలసార్లు అని ఉంటుంది. భౌతికశాస్త్రం ఆమె పక్షమే. గిన్నెలో నీళ్లు మరగడం మొదలయ్యాక సెగ ఎంత పెంచినా వేడి వంద డిగ్రీలు దాటదు. అదనపు గ్యాస్ అంతా ఆవిరై కిటికీలోంచి పోతుంది. పప్పు త్వరగా ఉడకదు, నీళ్లు త్వరగా ఇగురుతాయి, మళ్లీ పోయాలి. కుక్కర్ కథ వేరు. మూత బిగించి ఒత్తిడి పెంచడంతో లోపలి నీరు 120 డిగ్రీల దాకా వెళుతుంది, అందుకే పని తొందరగా అవుతుంది. కందిపప్పు కడిగి అరగంట నానబెట్టడం, గిన్నె మీద మూత పెట్టడం, పాలు, కూరగాయలు ఫ్రిజ్‌లోంచి ముందే బయట పెట్టడం ఏ కాలానికైనా చెల్లే సలహాలే.

గ్యాస్ మానేసి ఇండక్షన్ పొయ్యికి మారమంటున్నారే, అది లాభమేనా? మళ్లీ కాగితం తీద్దాం. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడిని కరెంటు భాషలో చెబితే సుమారు 180 యూనిట్లు. మామూలు పొయ్యి మీద గిన్నెకు చేరేది అందులో అరవై శాతం దాకా, అంటే 108. సిలిండర్ 900 రూపాయలనుకుంటే గిన్నెకు చేరిన ప్రతి యూనిట్ 8.30 పడింది. ఇండక్షన్ మీద 85 శాతం దాకా చేరుతుంది. కరెంటు యూనిట్ 4.80 అయితే గిన్నెకు చేరేది 5.65కే వస్తుంది, 7.70 అయితే 9 రూపాయలు దాటుతుంది. కాబట్టి తెలంగాణలో 150 యూనిట్ల ఇంటికి టీ, పాలు, అన్నం ఇండక్షన్ మీద లాభం. 195 యూనిట్ల ఇంట్లో అదే పొయ్యి కొంప ముంచుతుంది. ప్రకటనల్లో ఈ రెండో ఇల్లు కనపడదు.

కిరాణా దుకాణంలో కళ్లద్దాలు పెట్టుకోవాలి. లీటరు వంటనూనె అంటే సాధారణంగా 910 గ్రాములు. పక్కపక్కన వేలాడే రెండు ప్యాకెట్లు చూడటానికి కవలల్లా ఉంటాయి. ఒకదాని మీద 910, ఇంకోదాని మీద అంతకు తక్కువ బరువు సన్నని అక్షరాల్లో ఉంటుంది. ధర తక్కువని రెండోది తీసుకుంటాం. ప్యాకెట్ మీద గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో ముద్రించాలని 2021లో నిబంధనలు సవరించారు. ధర పక్కనే ఉండే ఆ చిన్న అంకెను చదివేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎక్కువ కొంటే చవక అన్నది కూడా అన్నివేళలా నిజం కాదు. రూపాయి షాంపూ ప్యాకెట్ చాలా బ్రాండ్లలో మిల్లీలీటరు లెక్కన సీసా కంటే చవక. చెత్తబుట్ట సంగతి అడగకండి.

బియ్యం సంచి ఇంకో వినోదం. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ అని 2022 జూలైలో పెట్టారు. కొన్నాళ్లకే మన దుకాణాల్లో 26 కిలోల సంచులు ప్రత్యక్షమయ్యాయి. ఒక్క కిలోతో పన్నును దాటేసిన ఆ బుర్రకు దండం పెట్టాలి. ఆ తగ్గిన పన్ను మన చేతికి వచ్చిందా, మధ్యలోనే ఆగిందా అన్నది కిలో ధర కట్టి చూస్తేనే తెలుస్తుంది. అసలు లాభం సంచి బరువులో కాదు, వయసులో ఉంది. ఖరీఫ్ వరి నవంబరు, డిసెంబరుల్లో కోతకొస్తుంది. కొత్త బియ్యం ముద్దవుతుందని మనం పాత బియ్యానికి ఎక్కువ పెడతాం. వ్యాపారి మనకు అమ్మేది ఆ గడిచిన నెలలనే. సంక్రాంతికి కొత్త బియ్యం కొని, వేపాకు వేసి మూతికట్టి అటకెక్కిస్తే ఆ నెలలు మన ఇంట్లోనూ అంతే వేగంగా గడుస్తాయి. కందిపప్పుకు ఆముదం రాసి డబ్బాలకెత్తడం, కొత్త చింతపండు వేసవిలోనే గింజ తీసి ఉప్పు వేసి జాడీకి పెట్టడం కూడా ఇలాంటి వ్యాపారమే. మన అమ్మమ్మలు మార్కెట్ ఒడుపు తెలిసి చేసిన పని ఇది. మనం దాన్ని పాతకాలపు చాదస్తం కింద కొట్టేశాం.

ఫోను గురించి రెండు ముక్కలు. 28 రోజుల రీచార్జి అంటే ఏడాదికి 13 సార్లు కట్టడం. కనీసం ఒక్క 30 రోజుల ప్యాక్ అయినా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లోనే ఆదేశించింది. మాటలకు, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు ఇవ్వాలని 2024 డిసెంబరులో మరో ఆదేశం ఇచ్చింది. బటన్ల ఫోను వాడే పెద్దవాళ్లకు డేటా కొనిపెడుతున్న పిల్లలు ఒకసారి ఆ జాబితా చూడాలి.

ఇంతదాకా వచ్చాక ఒక చిక్కు ఒప్పుకోవాలి. పొంగు చూసి మంట తగ్గించేది, మిగిలిన అన్నం పులిహోర చేసేది, పదిహేనో రోజు మీటరు చూసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. ఏ ఫ్యాన్ కొనాలి, ఏ ఏసీ తేవాలన్నది మగవాళ్ల నిర్ణయం. రోజువారీ పొదుపు ఒకరి ఒంటి మీద పడుతోంది, ఏళ్లతరబడి బిల్లును శాసించే కొనుగోలు ఇంకొకరి చేతిలో ఉంది. దుకాణంలో అయిదు వందలు తక్కువని పాత రకం ఫ్యాన్ తెచ్చిన మనిషే ఇంటికొచ్చి లైట్లు ఆర్పమని అరుస్తాడు. నేను చేసిందీ అదే.

అద్దె ఇళ్లలో ఇది మరింత వంకర తిరుగుతుంది. ఫ్యాన్ ఇంటి యజమానిది, బిల్లు అద్దెకున్నవారిది. మూడు వేలు పెట్టి యజమాని ఎందుకు మారుస్తాడు? గ్యాస్ పొయ్యి మోసుకెళ్లినట్టే ఫ్యాన్ కూడా విప్పుకుని తీసుకెళ్లవచ్చు. కానీ ముందు ఆ మూడు వేలు చేతిలో ఉండాలి. సంవత్సరానికి సరిపడా బియ్యానికైనా, ఏడాది రీచార్జికైనా ఇదే అడ్డంకి. డబ్బున్నవాడికే పొదుపు చవక.

దీనికి విరుగుడు మనవాళ్లు ఒకసారి చూసిందే. 2014 చివర్లో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో పాత బల్బులు తీసుకుని పది రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చారు. 2015లో అది దేశమంతటా మొదలై, తర్వాత ఉజాలా పథకం పేరుతో సాగింది. ప్రభుత్వం టోకున కొనడంతో ఒకప్పుడు 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 38కి దిగింది. ఇవాళ మా అమ్మాయి ప్రశ్నకు 43 పైసలు అని జవాబు చెప్పగలిగానంటే అందుకే. ఫ్యాన్‌లకూ అలాగే చేయవచ్చు. మూడు వేల ఫ్యాన్‌ను ఇంటికిచ్చి, నెలకు 150 చొప్పున ఇరవై నెలలు కరెంటు బిల్లులోనే వసూలు చేస్తే, 200 మెట్టు చుట్టూ తిరిగే హైదరాబాద్ ఇల్లు తన జేబులోంచి దాదాపు ఏమీ పెట్టక్కర్లేదు. స్వయం సహాయక సంఘాల అప్పుతోనైనా ఇది అయ్యే పనే.

మా ఇంట్లో రెండు ఫ్యాన్లు మార్చాం. మూడోది నాన్నగారి గదిలోది. మంచి ఫ్యాన్, చెడిపోని వస్తువును తీసేయడం దండగ అంటారు. పగలూ రాత్రీ అదే ఎక్కువ తిరుగుతుంది. లైటు మాత్రం తొమ్మిదిన్నరకల్లా ఆర్పేస్తారు.