ఏ డిగ్రీ ఉన్నా ఏడాదిలో నర్స్ అయిపోవచ్చు అనే మెసేజ్ గురించి

కొన్నాళ్లుగా మన తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరగతా ఉంది. బీటెక్ అయినా బీకాం అయినా ఏడాదిలో నర్సింగ్ అయిపోతుంది, వయసుతో పన్లేదు, ఇండియాలోనే చదివేయొచ్చు, ఆ తర్వాత అమెరికా, గ్రీన్ కార్డ్ ఈజీ, డిగ్రీ చదివినోళ్లకి నర్సింగ్ ఒక లెక్కే కాదు అని. నేను ఇక్కడే స్టాఫ్ నర్సుగా చేస్తా ఉన్నా. వార్డులో పేషెంట్ల వెంట వచ్చినోళ్లు కూడా ఫోన్ చూపించి "సిస్టర్, మా పాపని చేర్పించొచ్చా" అని అడగతా ఉన్నారు, అప్పు చేసి ఫీజు కట్టేదానికి కూడా రెడీగా ఉన్నారు, అందుకే ఒక్కో మాట తీసుకుని చెప్తా.

ఏడాది కోర్సు అనేది ఉత్త అబద్ధం కాదు. అమెరికాలో యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అని ఉంది, అంటే తక్కువ నెలల్లో ముగించే నర్సింగ్ డిగ్రీ, వేరే డిగ్రీ అయినోళ్లు 11 నుంచి 18 నెలల్లో చేస్తారు. కానీ మెసేజ్‌లో చెప్పనిదేమంటే, సీటుకి ముందే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ లాంటి సబ్జెక్టులు మంచి గ్రేడ్లతో పాసై ఉండాలి. మన కంప్యూటర్ సైన్స్ పిల్లలు అవి యాడ చదివుంటారు? అవి పూర్తి చేసుకునేదానికే ఇంకో ఏడాది పట్టొచ్చు. కోర్సులో చేరినాక క్లాసులు, హాస్పిటల్ డ్యూటీలు ఊపిరాడనీయవు, పక్కన ఉద్యోగం చేసుకుంటామంటే కుదిరేది కాదు. అదంతా అయినాక ఎన్‌క్లెక్స్ అనే అక్కడి నర్సుల లైసెన్స్ పరీక్ష పాసైతేనే లైసెన్స్.

ఇండియాలోనే చదివేయొచ్చు అన్నది మాత్రం పూర్తిగా తప్పు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన దాంట్లో డిగ్రీ అయినోళ్లకి షార్ట్‌కట్ బీఎస్సీ నర్సింగ్ లేనే లేదు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఇంటర్ బైపీసీ ఉండాలి. మన పక్కనే వేలూరు సీఎంసీలో 1946 నుంచి డిగ్రీ నర్సింగ్ చెప్తా ఉన్నారు, అక్కడా నాలుగేళ్లే. రెండేళ్ల బీఎస్సీ ఒకటుంది కదా అంటారు, అది పోస్ట్ బేసిక్, ముందే జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి రిజిస్టర్ అయిన నర్సులకి మాత్రమే, దాన్నే ఈ మెసేజ్ తిప్పి రాసింది. వయసుతో పన్లేదు అన్నదీ అంతే, కౌన్సిల్ రూల్ ప్రకారం బీఎస్సీలో చేరేదానికి 35 దాటకూడదు.

మరి ఏడాది కోర్సు అని ఇక్కడ బోర్డులు పెట్టి అమ్మేది ఏంది? ఎక్కువగా పేషెంట్ కేర్ సర్టిఫికెట్లు. ఆ పని తక్కువది కాదు, వాళ్లు లేకపోతే మా వార్డు నడవదు. కానీ దాంతో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేనిదే నర్స్ కారు.

గ్రీన్ కార్డ్ సంగతి. ఆ పనికి అమెరికా వాళ్లు దొరకలేదని కంపెనీ నిరూపించే లేబర్ సర్టిఫికేషన్ దశ, షెడ్యూల్ ఏ అనే మినహాయింపు లిస్టు కింద నర్సులకి లేదు, అంతవరకు నిజమే. అయినా ఇండియాలో పుట్టినోళ్లకి ఈబీ-3 క్యూ, అంటే నర్సులు ఎక్కువగా పడే గ్రీన్ కార్డ్ కేటగిరీ క్యూ, పదేళ్లు దాటి ఉంది. స్టూడెంట్ వీసా మీద పోయి చదివితే ఓపీటీ, అంటే చదువు అయినాక అక్కడ పని చేసుకునే పర్మిషన్, 12 నెలలే, బీటెక్ వాళ్లకి దాన్ని పొడిగించే స్టెమ్ ఎక్స్‌టెన్షన్ నర్సింగ్‌కి రాదు. మామూలు స్టాఫ్ నర్స్ పోస్టుకి హెచ్‌1బీ వర్క్ వీసా దొరకడం కూడా చాలా కష్టం, ఎందుకంటే ఆ వీసాకి నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగం కావాలి, అక్కడ మాత్రం రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతోనే ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) అవ్వొచ్చు. లక్షల అప్పుతో పోయిన పిల్ల ఆ 12 నెలలు అయినాక ఏం చేయాలి?

నన్ను బాగా బాధపెట్టింది చివరి మాట, నర్సింగ్ ఒక లెక్కే కాదు అన్నది. ఒక్క ఇన్సులిన్ తీసుకోండి. మన దగ్గర వయల్స్, అంటే మందు సీసాలు, ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లవీ ఉంటాయి, వాటికి నారింజ మూత సిరంజి. ఎర్ర మూత సిరంజిలోకి 100 యూనిట్ల మందు 20 గీత దాకా, అంటే అర మిల్లీలీటరు లాగితే పేషెంట్‌కి పోయేది 20 యూనిట్లు కాదు, 50. షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, రాత్రి రెండు గంటలకి నిద్రలో పడిపోతే మనిషి లేచి చెప్పలేడు కూడా. అందుకే వయల్ మీద అక్షరాలు, సిరంజి మూత, కేస్ షీట్ మూడూ చూసుకుని, పక్క సిస్టర్‌కి కూడా చూపించి అప్పుడు వేస్తాం. ముప్పై మంది పేషెంట్లున్న వార్డులో నిద్ర ఆపుకుంటా ప్రతిసారీ ఇట్లానే చేసే అలవాటు పుస్తకంతో రాదు, ఏళ్ల తరబడి పోస్టింగుల్లో సీనియర్లు పక్కన నిలబడి నేర్పితే వస్తుంది. అమెరికా వాళ్లు కూడా ఆ క్లినికల్ గంటలు తగ్గించలేదు, తక్కువ నెలల్లోకి కుక్కినారు, అంతే.

నర్సింగ్‌లోకి రావొద్దని నేను అనను, 28 ఏళ్లకి ఐటీ వదిలేసి వస్తానంటే సంతోషంగా రమ్మంటా. ఇంటర్‌లో బైపీసీ ఉంటే నాలుగేళ్ల బీఎస్సీ చూడండి, లేకపోతే కౌన్సిల్ రూల్ ప్రకారం ఏ గ్రూపు వాళ్లకైనా మూడేళ్ల జీఎన్ఎం ఉంది, తర్వాత పోస్ట్ బేసిక్ చేసుకోవచ్చు. కాలేజీ పేరు నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్ లిస్టులో ఉందో లేదో చూడండి, ఈ కోర్సుతో రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వస్తుందని కాగితం మీద రాసిమ్మని అడగండి, రాసివ్వకపోతే ఒక్క రూపాయి కూడా కట్టకుండా వచ్చేయండి.