సిగరెట్ కొనాలంటే 21, ఆకు కోయాలంటే 12

జులైలో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో రాలీ నుంచి తూర్పుగా విల్సన్ ఊరి వైపు వెళ్తుంటే దారి పొడవునా పొగాకు చేలు కనిపిస్తాయి. మాది ప్రకాశం జిల్లా. కారు అద్దం దించితే చాలు, ఆ పచ్చాకు వాసనకి మా ఊళ్ళో పొగాకు ఆరబెట్టే బ్యారన్ ముందు కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

చిన్నప్పుడు సెలవు రోజుల్లో మేమూ ఆకు అందించేవాళ్ళం. ఆడవాళ్ళు కర్రకి తాడుతో అల్లుకుంటూ పోతుంటే, రెండేసి మూడేసి ఆకులు వాళ్ళ చేతికివ్వడం పిల్లల పని. గంట తిరిగేసరికి వేళ్ళకి నల్లటి బంక పట్టేది. సబ్బుతో రుద్దినా వదిలేది కాదు. ఆ చేత్తో కలుపుకున్న అన్నం ముద్దముద్దకీ చేదే. నా పక్కన ఆకు అందించే అమ్మాయి ఒక రోజు పొద్దున్నే మంచుకి తడిసిన ఆకు మోసి, మధ్యాహ్నానికి వాంతులు చేసుకుని పడిపోయింది. ఎండదెబ్బ అన్నారు, మజ్జిగ తాగించారు. మర్నాడు మళ్ళీ పనికి వచ్చింది. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుందని, ఆ వాంతులూ తల తిరగడమూ అందువల్లేనని చాలా ఏళ్ళ తర్వాత ఇక్కడ చదివి తెలుసుకున్నాను.

అమెరికాలో ఇలాంటివి ఉండవనుకున్నాను. మా అబ్బాయి 15 ఏళ్ళకి ఐస్‌క్రీమ్ షాపులో చేరతానన్నప్పుడు ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్ కావాలన్నారు. బడి ఉన్న రోజు 3 గంటలకి మించి పని చేయకూడదు, సాయంత్రం 7 దాటకూడదు. ఎంత జాగ్రత్త అని సంతోషించాను.

పొలానికి మాత్రం ఆ జాగ్రత్త వర్తించదు. 1938 నాటి కార్మిక చట్టం ప్రకారం అమ్మానాన్నలు ఒప్పుకుంటే 12 ఏళ్ళ పిల్లలు బడి వేళలు కాని సమయంలో కూలికి వెళ్ళొచ్చు. చిన్న కమతాల్లో అయితే అంతకన్నా చిన్నపిల్లలూ వెళ్ళొచ్చు. ప్రమాదకరమైన పనులకు మిగతా చోట్ల 18 నిండాలి, పొలంలో 16 చాలు. పొగాకు చేను ఆ ప్రమాదకరమైన పనుల జాబితాలోనే లేదు. 2019 డిసెంబరు నుంచి ఈ దేశంలో 21 నిండని వాళ్ళకి సిగరెట్ అమ్మడం నేరం. ఆ సిగరెట్‌లోకి వెళ్ళే ఆకుని పన్నెండేళ్ళ పిల్ల ఒంటికి హత్తుకుని మోసుకెళ్ళినా నేరం కాదు.

మార్చాలని చూడకపోలేదు. 2011లో కార్మిక శాఖ 16 లోపు పిల్లల్ని కూలికి పొగాకు పనిలో పెట్టుకోకూడదని నిబంధనలు ప్రతిపాదించింది. రైతు కుటుంబాల సంప్రదాయం దెబ్బతింటుందని పెద్ద గొడవైంది. సొంత అమ్మానాన్నల పొలంలో పనిచేసే పిల్లలకి ఆ ప్రతిపాదనలోనే మినహాయింపు ఉంది. అయినా 2012 ఏప్రిల్లో వెనక్కి తీసుకున్నారు. అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) సభ్యురాలిగా ఉన్నప్పుడు లూసిల్ రాయ్‌బల్-అలార్డ్ పొలానికీ మిగతా పనులకీ ఒకే వయసు ఉండాలని పదేపదే బిల్లు పెట్టారు. అదీ చట్టం కాలేదు.

ఇండియా చట్టంలోనూ ఇలాంటి సందే ఉంది. 2016 సవరణతో 14 లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. మంచిదే. కానీ బడి అయ్యాక ‘కుటుంబ వ్యాపారం’లో సాయం చేయొచ్చన్నారు. పత్తి చేలో కూలికి వెళ్ళిన తల్లి వెనక వెళ్ళే పిల్ల ‘సాయం’ చేస్తోందో పని చేస్తోందో ఏ ఇన్‌స్పెక్టర్ తేలుస్తాడు?

ఈ మాటంటే మనవాళ్ళే, “మేమంతా పొలం పని చేసే పెద్దవాళ్ళమయ్యాం, ఏమైంది?” అంటారు. నేనూ అలాగే పెద్దవాణ్ణయ్యాను. నాకు సాయంత్రానికి ఇల్లు, మర్నాడు బడి ఉన్నాయి. వాంతులు చేసుకున్న అమ్మాయికి మర్నాడు కూలి ఉంది. ఆ తేడా చూడకుండా మాట్లాడటం నాకు బాధగా ఉంటుంది.

విల్సన్ దగ్గర చేలల్లో పనిచేసే పిల్లల్లో చాలామందివి లాటినో కుటుంబాలు. వాళ్ళ అమ్మానాన్నల్లో ఎందరికో ఓటు లేదు. మనలో చాలామందికి ఉంది. ఏటా ఉగాది వేడుకకి కాంగ్రెస్ సభ్యుణ్ణి పిలిచి శాలువా కప్పి ఫోటోలు దిగుతున్నాం, వీసాల గురించి వినతిపత్రం ఇస్తున్నాం. ఈసారి దానితోపాటు ఇంకో కాగితం ఇద్దాం. పొగాకు చేలో కూలిపనికి కనీస వయసు 18 చేయాలని అందులో రాద్దాం. మొదటి సంతకం నేను పెడతాను.