ముందు అడ్డు తప్పుకోండి

నాయకుడన్నవాడు తన టీమ్‌కు ఒక పరమార్థం చూపించాలని మేనేజ్‌మెంట్ శిక్షణల్లో తెగ చెబుతుంటారు. మంచి విజన్ స్టేట్‌మెంట్ రాసి గోడకు తగిలించి, ఏడాదికోసారి గట్టి ప్రసంగం చేస్తే ఉద్యోగులకు పని మీద మమకారం పుట్టుకొస్తుందని వాళ్ల నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు.

కేథరీన్ బెయిలీ, ఏడ్రియన్ మ్యాడెన్ అనే పరిశోధకులు 10 రకాల వృత్తుల్లో ఉన్న 135 మందిని కలిసి, పనికి అర్థం ఉందనిపించిన సందర్భాలు చెప్పమన్నారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, అలాంటి సందర్భాల్లో పై అధికారి ఊసే దాదాపు రాలేదు. ఈ పని శుద్ధ దండగ అనిపించిన సందర్భాల్లో మాత్రం పైవాళ్ల తీరే అన్నిటికన్నా ముందు నిలిచింది. చేసినదాన్ని గుర్తించకపోవడం, అన్యాయంగా చూడటం, ఎందుకూ కొరగాని పనులు అంటగట్టడం లాంటివి.

పదవిలో ఉన్నవాళ్లకు ఇది మింగుడుపడని మాటే. మనం ఇవ్వగలిగేది కొంచెం, పాడుచేయగలిగేది బోలెడు. కానీ నాకు ఇందులో ఊరట కూడా కనిపిస్తుంది. పదిమంది బతుకులకు అర్థం చెప్పాల్సిన బరువు మన నెత్తిన లేదు. కోలుకున్న రోగిని చూసినప్పుడు నర్సుకి, పాఠం తలకెక్కిన పిల్లవాడిని చూసినప్పుడు టీచరుకి అది ఎవరూ చెప్పకుండానే దొరుకుతుంది.

మరి నాయకుడి మాటేమిటి? సొంత పని వదిలి మేనేజర్ అయినవాళ్లను ఒక వెలితి పట్టుకుంటుంది. మీటింగులు, మెయిళ్లు, ఇద్దరి మధ్య తగాదా తీర్చడం, బడ్జెట్ కోసం బతిమాలుకోవడం. సాయంత్రానికి ‘ఇది నేను చేశాను’ అని చూపించడానికి ఏమీ మిగలదు. అందుకే చాలామంది కిందివాళ్ల పనిలో వేలు పెడతారు, అర్ధరాత్రి కూర్చుని వాళ్లు రాసింది తిరగరాస్తారు. దాన్ని శ్రద్ధ అనుకుంటారు గానీ, నన్నడిగితే అది తమ వెలితిని ఇంకొకరి పనితో పూడ్చుకోవడం.

టెరెసా అమాబిలె, స్టీవెన్ క్రేమర్ 238 మంది ఉద్యోగుల చేత రోజువారీ డైరీలు రాయించారు. దాదాపు 12,000 నమోదులు పరిశీలిస్తే, బాగా గడిచిన రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది చేస్తున్న పని ఎంతో కొంత ముందుకు కదలడమే. నాయకుడి విషయంలో ఆ కదలిక ఇంకొకరి బల్ల మీద జరుగుతుంది. ఆగిపోయిన అనుమతి ఆయన తెప్పించి ఉంటాడు, ఎవరూ చదవని రిపోర్టు ఆయనే ఆపించి ఉంటాడు. అందులో తన వంతు ఉందని మనసు ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది. కొందరికి అసలు కుదరదు. వాళ్లు మళ్లీ తమ పాత పనికి వెళ్లిపోతే నామోషీ ఏమీ లేదు.

నాయకుడు చేయగలిగిన మేలు ఇంకొకటి ఉంది. ఆడమ్ గ్రాంట్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగంలో, యూనివర్సిటీకి ఫోన్లలో విరాళాలు అడిగేవాళ్ల దగ్గరకు, ఆ డబ్బుతో స్కాలర్‌షిప్ అందుకున్న విద్యార్థి ఒకరు వచ్చి కొద్ది నిమిషాలు మాట్లాడారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్లో గడిపిన సమయం, తెచ్చిన విరాళాలు రెండూ రెట్టింపు దాటాయి. పై అధికారి చేయాల్సిందల్లా ఆ విద్యార్థిని లోపలికి రానివ్వడమే.

అయితే ఈ అర్థం, పరమార్థం అనే మాటలతో జాగ్రత్తగా ఉండాలి. జూలలో జంతువులను చూసుకునేవాళ్ల మీద బండర్సన్, థాంప్సన్ 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. దీనికోసమే పుట్టామనుకునేవాళ్లు ఆ పని కోసం జీతం, తీరిక వదులుకోవడానికి సిద్ధపడ్డారు. యాజమాన్యం తమ ఇష్టాన్ని వాడుకుంటోందన్న అనుమానమూ వాళ్లకే ఎక్కువ. జీతం పెంచాల్సిన చోట ‘గొప్ప లక్ష్యం’ గురించి మాట్లాడే బాసును చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే.

వాలంటీర్లతో నడిచే మన లాంటి స్వచ్ఛంద సంఘాల్లో అసలు జీతమే లేదు కాబట్టి ఇది ఇంకా సున్నితమైన వ్యవహారం. ఉత్సాహంగా వచ్చిన వాలంటీరు కనబడటం మానేస్తే ‘బిజీ అయిపోయారట’ అనేసి వదిలేస్తాం. చివరిసారి ఆవిడకు ఏ పని అప్పగించామో, ఆ పనిలో ఆవిడ మాట ఎంత విన్నామో కమిటీలో ఎవరూ అడగరు. ఆవిడ ఫోన్ నంబరు మన దగ్గర ఉండే ఉంటుంది.