పక్క తోట బోరు, పక్క దేశం పొగ

అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోట బోరు ఎండితే రైతు ఏం చేస్తాడో తెలిసిందే. ఇంకో వంద అడుగులు లోతుకు పోతాడు. నాలుగు రోజులకు పక్క తోట బోరు గాలి కొడుతుంది, ఆయనా లోతుకు పోతాడు. ఇద్దరికీ అప్పు పెరుగుతుంది, కింద నీళ్లు మాత్రం అవే. ఇద్దరిలో ఎవరూ తెలివితక్కువవారు కారు. పక్కవాడు ఆగినా ఆగకున్నా, తాను తవ్వడమే ఎవరికి వారికి లాభం. 1950లో గణితవేత్తలు మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ ఇలాంటి ఆటనే కట్టారు, మరో గణితవేత్త ఆల్బర్ట్ టక్కర్ దానికి ఇద్దరు ఖైదీల కథ తొడిగాడు.

దేశాలు వదిలే పొగ కూడా ఇదే ఆట అని చెప్పి ముగించేస్తుంటారు. అది సగమే నిజం. ఆటగాళ్లు పదిమందైతే లెక్క మారుతుంది.

10 దేశాలు ఉన్నాయనుకుందాం. పొగ తగ్గించుకోవడానికి ఒక్కోదానికి ఖర్చు 3.50 రూపాయలు. ఒక దేశం తగ్గిస్తే పదింటికీ తలా రూపాయి మేలు. అన్నీ తగ్గిస్తే తలా 6.50 మిగులుతుంది. ఒక్కటే తగ్గిస్తే దానికి 2.50 నష్టం. మూడు కలిసినా గిట్టదు. నాలుగు జట్టు కడితే తలా అర్ధ రూపాయి మిగులుతుంది. వాటిలో ఒకటి జారుకుంటే మిగతా మూడింటికి గిట్టక జట్టే చెదురుతుంది కాబట్టి ఏదీ జారుకోదు. మరి ఐదోది చేరుతుందా? చేరితే దానికి దక్కేది 1.50. బయట కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా 4 రూపాయలు. ఎందుకు చేరుతుంది? అలా నాలుగు దేశాల దగ్గరే ఒప్పందం ఆగిపోతుంది, ఆరు దేశాలు టికెట్ లేకుండా బండెక్కుతాయి. అందరూ కలిస్తే లాభం ఎక్కువగా ఉండే చోటే నిలిచే జట్టు చిన్నదవుతుందని ఆర్థికవేత్త స్కాట్ బారెట్ 1994లో చూపించింది ఈ తరహా లెక్కతోనే.

భూమిని వేడెక్కించే పొగ తగ్గించడానికి 1997లో కుదిరిన క్యోటో ఒప్పందం కింద శిక్ష ఉండేది. హద్దు మీరి వదిలిన ప్రతి టన్నుకు తర్వాతి విడతలో 1.3 టన్నుల కోత. అయితే ఆ తర్వాతి విడతకు ఒప్పుకోవాలా వద్దా అన్నది తప్పు చేసిన దేశం చేతిలోనే ఉండేది! అమెరికా ఆమోదించనే లేదు, కెనడా 2011 డిసెంబరులో తప్పుకుంటున్నానని చెప్పేసింది. మన 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వద్దంటుంది. ఫిర్యాదు చేయాల్సినవాడికే ఒక బోరుంటే కాగితం ఎక్కడికి కదులుతుంది? ‘నువ్వు తగ్గించకపోతే నేనూ వదులుతా’ అనే బెదిరింపూ పనికిరాదు. ఆ పొగ తనకూ తగులుతుందని అందరికీ తెలుసు, అందుకే ఎవరూ నమ్మరు.

1987 మాంట్రియల్ ఒప్పందం లెక్కనే మార్చింది. ఓజోన్‌ను తినే రసాయనాల వ్యాపారం బయటి దేశాలతో చేయకూడదంది. అంటే బయట ఉంటే సరుకు అమ్ముకోలేరు. పేద దేశాల ఖర్చు భరించడానికి 1990లో నిధి ఏర్పాటైంది. అంతవరకు బెట్టు చేసిన భారత్ 1992లో చేరింది. ఐక్యరాజ్యసమితి సభ్య దేశాలన్నీ ఇప్పుడు అందులో ఉన్నాయి. ఆ రసాయనాలు తయారుచేసే కంపెనీలు కొద్దివే కావడం, బదులు రసాయనాలు అందుబాటులోకి రావడం కూడా కలిసొచ్చాయి. బొగ్గుకు ఆ అదృష్టం లేదు.

నది ఆట వేరు. పైవాడు వదిలింది కిందవాడికే తగులుతుంది, తిరిగి కొట్టే వీలుండదు. ఫ్రాన్స్‌లోని అల్సేస్ పొటాష్ గనుల ఉప్పు రైన్ నదిలో కలిసి నెదర్లాండ్స్ దాకా పోయేది. 1976 ఒప్పందంలో ఖర్చు పంచుకున్నారు: నెదర్లాండ్స్ 34 శాతం, ఫ్రాన్స్, జర్మనీ చెరో 30, స్విట్జర్లాండ్ 6. దెబ్బ తిన్నవాడే అందరికంటే ఎక్కువ కట్టాడు. న్యాయం కాదు, నిజమే. అయినా డబ్బు కట్టకుండా పైవాణ్ని కదిలించే మార్గం వాళ్లకు లేకపోయింది. అంత చేసినా ఉప్పును భూమిలోకి దింపడానికి అల్సేస్ జనం ఒప్పుకోక, ఒప్పందం అమల్లోకి వచ్చేసరికి 1985 అయింది.

తుంగభద్రదీ ఇదే తంతు. డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి సుమారు 105కు దిగింది. ఆ మేరకు అనంతపురం హెచ్చెల్సీ (ఎగువ కాలువ)కి, కర్నూలు-కడప కాలువకు నీళ్లు తగ్గుతాయి. మట్టి కొట్టుకొచ్చేది పైన కర్ణాటక చేలల్లోంచి. అక్కడ గట్లు వేయడానికి, చెట్లు నాటడానికి మన రాష్ట్రం డబ్బు పెట్టాలంటే ఇక్కడ ఓట్లు రాలవు. కానీ పూడిక కర్ణాటక ఆయకట్టునూ తింటోంది కాబట్టి, రైన్ కంటే ఇక్కడే బేరానికి చోటెక్కువ.

ఐరోపా ఇప్పుడు మాంట్రియల్ దారిలో పోవాలని చూస్తోంది. సిమెంటు, ఉక్కు, అల్యూమినియం, ఎరువుల వంటి దిగుమతులపై కార్బన్ సుంకానికి 2023 అక్టోబరులో లెక్కలు అడగడం మొదలుపెట్టింది, 2026 జనవరి నుంచి డబ్బు భారం. మన ఉక్కుకు ఇది తగులుతుంది. కడప జిల్లా ఎర్రగుంట్ల సిమెంటుకు మాత్రం పెద్దగా తగలదు. బరువెక్కువ, ధర తక్కువ ఉన్న సరుకు అంత దూరం పోతే గిట్టదు. పైగా సిమెంటు బట్టీలో సగానికి పైగా కార్బన్ సున్నపురాయి విరిగేటప్పుడే వస్తుంది, బొగ్గు మానేసినా అది పోదు. ఓడ ఎక్కని సరుకును ఓడరేవులో వేసే సుంకం ఏం చేస్తుంది?